కరువులో బాప్తిస్మం ఆపిన క్లౌ దొర

ఒంగోలు ప్రాంతంలో క్లౌ దొర పేరు వినని వారు అరుదు. ఆయన పేరు చెప్పగానే 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగిన సంగతి గుర్తుకు వస్తుంది. అంతకుముందు పదిహేను నెలలపాటు, జనం గుంపులుగా వచ్చి అడుగుతున్నా ఆయన బాప్తిస్మాలు ఆపివేసిన సంగతి మాత్రం తక్కువ మందికి తెలుసు. ఆ రెండో సంగతి తెలిస్తేనే మొదటిది అర్థమవుతుంది.

జాన్ ఎవరెట్ క్లౌ 1836లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించారు. ఆయన చిన్నతనంలోనే కుటుంబం పడమటికి, అయోవా ప్రాంతానికి తరలిపోయింది. పదిహేడేళ్ల వయసులో ప్రభుత్వ సర్వే బృందంలో గొలుసు పట్టే కుర్రవాడిగా చేరారు. మిన్నెసోటా అడవుల్లో, చిత్తడి నేలల్లో భూమి కొలుస్తూ నాలుగేళ్లలో తానే సర్వేయరు స్థాయికి ఎదిగారు. కూలీల చేత పని చేయించడం, లెక్క తప్పకపోవడం, అనుకున్నది సాధించేదాకా వదలకపోవడం అక్కడే అలవడ్డాయి. దేవుడన్నా ప్రార్థన అన్నా ఆ రోజుల్లో ఆయనకు గిట్టేది కాదు. లాయరు కావాలి, డబ్బు సంపాదించాలి, పేరు తెచ్చుకోవాలి అన్నదే ధ్యాస.

బర్లింగ్టన్‌లో కాలేజీ చదువుకు చేరినప్పుడు ఆయన గదిలో మరో విద్యార్థి ఉండేవాడు. అతను రోజూ రాత్రి బైబిలు చదివి మోకరించి ప్రార్థించేవాడు. క్లౌకు అది చికాకు. ఒకనాడు సుద్దముక్కతో గది మధ్య గీత గీసి, నీ భక్తి ఆ గీతకు అవతలే ఉండాలని కట్టడి పెట్టారు. అతను మారు మాట్లాడలేదు, ప్రార్థన మానలేదు. కొంతకాలానికి ఆ గీత అక్కర లేకపోయింది. 1858లో క్లౌ బాప్తిస్మం తీసుకున్నారు. లాయరు ఆలోచన పక్కకు పోయింది. మొండితనం మాత్రం పోలేదు. అది ఒంగోలుకు ఎంత పనికివచ్చిందో తరువాత తేలింది.

అప్పటికి నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పాతికేళ్లుగా పనిచేస్తున్నా విశ్వాసులు వేళ్లమీద లెక్కపెట్టదగినంతే. మూసేద్దామన్న మాట అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చింది. మూయడానికి వీల్లేదని పట్టుబట్టిన జ్యూవెట్ దొరతోపాటు క్లౌ, భార్య హారియెట్ 1864 చివర ఓడ ఎక్కి 1865లో ఇక్కడికి చేరారు. నెల్లూరులో తెలుగు నేర్చుకుని 1866 సెప్టెంబరులో ఒంగోలుకు వచ్చారు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిదే.

మొదట్లో ఒంగోలు బ్రాహ్మణులు, వైశ్యులు క్లౌను ఆదరించారు. తమ పిల్లలకు బడి పెట్టమని వారే అడిగారు. బడి నడుస్తోంది. పై కులాల వారు ముందు వస్తే తక్కిన వారు వారి వెనుకే వస్తారని ఆయన అంచనా. ఇంతలో ఒంగోలుకు పడమరగా నలభై మైళ్ల దూరాన ఉన్న తలకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద వచ్చారు. ఈయన తోళ్ల వ్యాపారం మీద ఊళ్లు తిరిగిన మనిషి. గురువుల వెంట ఉండి యోగసాధన చేసిన మనిషి. ఉత్తరాదిన ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు మాట విన్నారు. క్లౌ ఒంగోలు రాకముందే పేరయ్యకు, ఆయన భార్య నాగమ్మకు జ్యూవెట్ దొర బాప్తిస్మం ఇచ్చారు. తాను నమ్మినదాన్ని పేరయ్య ఇంట్లో దాచుకోలేదు. చుట్టుపక్కల మాదిగవాడలన్నీ తిరిగి చెప్పారు. 1867 జనవరిలో క్లౌ తలకొండపాడు వెళ్లి చింతతోపులో ఐదు రోజులు మకాం వేస్తే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఆ కబురు ఒంగోలులో పెద్ద చిక్కే తెచ్చింది. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలు మీ బడికి రారని పెద్దలు ఖండితంగా చెప్పారు. క్లౌ ఇరకాటంలో పడ్డారు. ఊరి పెద్దల అండ పోగొట్టుకుంటే బడి పోతుంది, పలుకుబడి పోతుంది. ఆ రోజు ఆయన ఒక గదిలో బైబిలు తెరిస్తే కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం కనబడింది. లోకంలో ఎన్నిక లేని వారినే దేవుడు ఎంచుకున్నాడన్న భాగం అది. మరో గదిలో హారియెట్ చదివినదీ అదే భాగమని తరువాత ఇద్దరూ మాట్లాడుకున్నప్పుడు తెలిసింది. దీన్ని యాదృచ్ఛికమనేవారు అనవచ్చు. క్లౌ మాత్రం అలా అనుకోలేదు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు. ఆయన మాదిగవాడల వైపు తిరిగారు. సర్వేయరు తన అంచనాను తానే కొట్టివేసుకుని మళ్లీ కొలవడం మొదలుపెట్టాడన్నమాట.

కొత్తగా చేరేవారికి క్లౌ పెట్టిన కట్టడి మూడే ముక్కలు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి తేలిక. ఆ రోజుల పల్లె సంగతి తెలిసినవారికి వీటి బరువు తెలుస్తుంది. ప్రతి మాదిగ కుటుంబమూ ఏదో ఒక రైతు ఇంటికి కట్టుబడి ఉండేది. చెప్పులు, పలుపులు, కపిల బొక్కెనలు కుట్టి ఇచ్చినందుకు కళ్లంలో గింజలు కొలిచేవారు. చచ్చిన పశువు వారి పాలు. ఊరి జాతరకు డప్పు వారిది. ఆదివారం రానంటే రైతుకు కోపం, డప్పు కొట్టనంటే ఊరంతటికీ కోపం. గింజలు ఆగిపోయేవి, కరణం మునసబుల వేధింపులు మొదలయ్యేవి. రెండు పూటలా తిండి లేనివాడు ఎదురుగా ఉన్న మాంసాన్ని వద్దనడం ఏమంత చిన్న నిగ్రహం కాదు. ఆకలి ఎరగని దొరలకు ఈ కట్టడి పెట్టడం సులువేనని ఎవరైనా అంటే కాదనలేం. కానీ దాన్ని నిలబెట్టింది దొరలు కాదు, పేరయ్య వంటి పెద్దలు. పట్టుబట్టి ఆచరించినవారు వాడల్లోని ఆడవారు, మగవారు.

ఇంకో సంగతి. కులవృత్తి మానుకోమని, ఊరు విడిచి మిషను బంగళా నీడకు రమ్మని క్లౌ చెప్పలేదు. మీ ఊళ్లోనే ఉండండి, చెప్పులు కుట్టుకుంటూనే ఉండండి అన్నది ఆయన పద్ధతి. గురువుకు శిష్యులు గింజలు పెట్టి పోషించినట్టే బోధకుణ్ణి కూడా వారే పోషించుకోవాలని చెప్పారు.

1876లో వానలు పడలేదు. పాతకాలపు వారు ధాత కరువు అని చెప్పుకున్నది ఇదే. మద్రాసు రాజధానిలో లక్షలాది మంది చనిపోయారు. ఒంగోలు ప్రాంతంలో పశువులు మొదట పోయాయి, తరువాత మనుషులు. బకింగ్‌హాం కాలువను తవ్వించే కరువు పనులు మొదలయ్యాయి. బలహీనులను కొందరు మేస్త్రీలు తరిమేస్తున్నారని, కూలి సరిగా ముట్టడం లేదని విని క్లౌ సుమారు మూడున్నర మైళ్ల కాలువను తానే కాంట్రాక్టుకు తీసుకున్నారు. మిన్నెసోటాలో నేర్చిన కొలతల విద్య మళ్లీ చేతికి వచ్చింది. బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, వేల మందికి పని చూపించి, కూలి సక్రమంగా ఇప్పించారు. పని మధ్య విశ్రాంతి వేళల్లో బోధకులు కూలీల పక్కన కూర్చుని క్రీస్తు సంగతులు చెప్పేవారు. శిబిరంలో కలరా కూడా వచ్చింది. కడుపు నిండని మనుషులను అది తొందరగా తీసుకుపోయింది.

సరిగ్గా ఈ సమయంలోనే వందలాది మంది బాప్తిస్మం కోసం వచ్చారు. క్లౌ కాదన్నారు. కూలి ఇచ్చేది తాను, దానపు డబ్బు పంచేది తాను. ఆ చేతితోనే బాప్తిస్మం కూడా ఇస్తే ఆకలి ఏదో విశ్వాసం ఏదో ఎవరు తేల్చగలరు? అమెరికాలో తన మిషనుకు లెక్కలు చూపించాలనుకుంటే అంతకంటె మంచి అదను ఉండదు. ఆయన కోరుకున్న జనమే గుమ్మం ముందు నిలబడ్డారు. అయినా పదిహేను నెలలు ఆగారు. కాలేజీ గదిలో ఎదుటివాడికి గీత గీసిన మనిషి ఇప్పుడు తన ముందు తానే గీత గీసుకున్నాడు.

1878 జూన్ వచ్చేసరికి ఇక సహాయం పంచడం ఆపివేశారు. ఒంగోలుకు పది మైళ్ల దూరాన గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి బోధకులను పిలిచారు. బోధకులతోపాటు వేలమంది తరలివచ్చారు. ఇవ్వడానికి నా దగ్గర ఇక ఏమీ లేదు, ఇళ్లకు వెళ్లండని క్లౌ చెప్పారు. మాకు డబ్బు వద్దు, గింజలు వద్దు, బాప్తిస్మమే కావాలని వారు కదలలేదు. ఇక ఆపడం తన పని కాదని ఆయనకు తోచింది. ఊరూరి బోధకులు తమ వారిని ఒక్కొక్కరినే చూపించి పేర్లు రాయించారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు రోజుల్లో 3,536 మంది నదిలో దిగారు. 3వ తేదీన బాప్తిస్మం ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసిపోతే మరో ఇద్దరు నీళ్లలోకి దిగేవారు. క్లౌ తన చేత్తో ఆ రోజు ఒక్కరికి కూడా ఇవ్వలేదు, ఒడ్డున నిలబడి ఏర్పాట్లు చూశారు. జూలై ఆఖరుకు ఆ సంఖ్య 8,691కి చేరింది.

బియ్యం కోసం చేరిన క్రైస్తవులని విమర్శ వచ్చింది. అందరూ చివరిదాకా నిలబడలేదన్నది నిజమే. కానీ సహాయం ఆగిపోయాక వచ్చినవారిని బియ్యం కోసం వచ్చారనడం పొసగదు.

హారియెట్ 1893లో కన్నుమూశారు. మరుసటి ఏడాది క్లౌ తన సహ మిషనరీ ఎమ్మా రౌషెన్‌బుష్‌ను వివాహమాడారు. ఆమె మాదిగవాడల పెద్దలు చెప్పిన జీవిత కథలను సేకరించి 1899లో పుస్తకంగా అచ్చు వేయించారు. చెప్పులు కుట్టే వేళ చెప్పుకునే ముచ్చట్లన్న అర్థం వచ్చేలా దానికి పేరు పెట్టారు. పేరయ్య యోగసాధన, గురువుల వెంట ఆయన తిరుగుళ్లు అందులో ఉన్నాయి. క్లౌ 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో మరణించారు. ఆయన చెప్పగా ఎమ్మా రాసిన జీవిత చరిత్ర 1914లో వెలువడింది.