తీర్పరుల మొగమోటము - నాయుడుగారి జీవితము

మహాశివరాత్రికి మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతరలో జరుగు ఎడ్ల పందెములను చూడనివారు ఆ సీమలో అరుదు. ఎద్దు నోరు తెరిచి పళ్లు లెక్కించి, అది ఏ విభాగమున బండ లాగవలెనో నిర్ణయించుట ఇట్టి పందెములందలి పద్ధతి. పేరుమోసిన ఆసామి జత వచ్చినప్పుడు తీర్పరి పళ్లు చూడకయే దారి విడిచినచో పందెమునకు అర్థమేమి? ఓడిన చిన్నరైతు తన ఎద్దును నిందించుకొనును. దోషము మాత్రము తీర్పరిది.

ఈ మొగమోటము మన ఊళ్లకే పరిమితము కాదు. ఇంగ్లండున ఒకప్పుడు ధనము గొని క్రికెట్టు ఆడువారు వేరు, గొనని పెద్దమనుష్యులు వేరు. డాక్టరు గ్రేసు పెద్దమనుష్యుల పంక్తిలో కూర్చుండియే 1873-74 ఆస్ట్రేలియా యాత్రకు 1,500 పౌనులు పుచ్చుకొనెను. వృత్తి ఆటగాండ్రకు దక్కినది తలకు 170 పౌనులు. ఆయన కీర్తిని చూచి పెద్దలు కన్నులు మూసికొనిరి.

మన కొఠారి కనకయ్య నాయుడుగారి చరిత్రము వేరొక పాఠము చెప్పుచున్నది. వారు 1895 అక్టోబరు 31న నాగపురమున తెలుగు కుటుంబమునందు జన్మించిరి. 1926లో బొంబాయి జింఖానా మైదానమున ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు చేయగా వారి పేరు దేశమంతట మారుమ్రోగెను. అయినను 1932 ఇంగ్లండు యాత్రకు నాయకత్వము పోరుబందరు మహారాజుగారికి ఒసగబడెను. మహారాజు తన శక్తి తానెరిగి తప్పుకొనుటచే, జూన్ 25న లార్డ్సున ఆరంభమైన భారతదేశపు మొదటి టెస్టునకు నాయుడుగారు నాయకులైరి. చేతికి దెబ్బ తగిలియు వారు చేసిన 40 పరుగులే ఆ ఇన్నింగ్సున మనవారిలో అధికము.

1936లో నాయకత్వము విజయనగర మహారాజకుమారునికి పోయెను. మూడు టెస్టులలో ఆయన చేసినవి 33 పరుగులు. క్రమశిక్షణ పేరిట లాలా అమరనాథును మొదటి టెస్టునకు మున్నే ఇంటికి పంపివేసిరి. తరువాత విచారణసంఘము నాయకునే తప్పుపట్టెను. విజయనగరము మనదగుటచే ఈ సంగతి మరుగుపరచుట మాకు సమ్మతము కాదు. నాయుడుగారు ఆ నాయకత్వము క్రిందనే ఆడిరి. ఓవల్ మైదానమున బంతి దెబ్బకు ఓర్చి 81 పరుగులు చేసిరి. ఏబదియేండ్లు దాటిన పిదప రంజీ ఆటలో వేగపు బంతికి పళ్లు విరిగినను మైదానము వీడలేదు. 1956లో పద్మభూషణులై, 1967 నవంబరు 14న ఇందూరున పరమపదించిరి.

అంతటి ప్రఖ్యాతుడే మినహాయింపు కోరక ఆడినప్పుడు, తీర్పరులు తమంతట తామే మినహాయింపులు పంచిపెట్టుటకు కారణము కానరాదు. జాతర పెద్దలకు మా మనవి ఒక్కటే: రాబోవు శివరాత్రికి అందరికన్న పెద్ద ఆసామి జతకే ముందుగా పళ్లు లెక్కింపుడు.