కరువు స్త్రీలకు పని నేర్పిన పండిత రమాబాయి గారు



పూణే నుండి షోలాపురము వెళ్ళే రైలు మార్గములో కేడ్‌గావ్ అనే చిన్న స్టేషను ఉన్నది. షోలాపురములో స్థిరపడిన మన తెలుగు నేతపనివారు తరతరాలుగా ఆ దారినే రాకపోకలు సాగిస్తున్నారు. ఆ స్టేషనుకు దగ్గరలోనే పండిత రమాబాయి గారు స్థాపించిన ముక్తి సదనము ఉన్నది. ఆమె పేరు మన సంఘములలో వినని పెద్దలు అరుదు. సంస్కృత పండితురాలనీ, బైబిలును మరాఠీలోనికి అనువదించిన భక్తురాలనీ అందరము చెప్పుకొంటాము. ఇల్లూ ఊరూ విడిచి వచ్చిన స్త్రీలకు ఆమె కూడు పెట్టి ఊరుకోలేదు, చేతికి పని నేర్పారు. ఈ సంగతి మాత్రము అంతగా చెప్పుకోము. అందుకే ఈసారి దానిని గూర్చి వ్రాయ తలంచాము.

రమాబాయి గారు 1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమలలోని గంగామూల అడవిలో, అనగా నేటి కర్ణాటకలో, జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గారు భార్యకు సంస్కృతము నేర్పారు. ఆడువారికి ఆ చదువు తగదని తోటివారు ఆక్షేపించినా ఆయన మానలేదు. తల్లి లక్ష్మీబాయి గారు ఆ చదువునే కుమార్తెకు అందించారు. కుటుంబమంతా పుణ్యక్షేత్రములు తిరుగుతూ, పురాణము చదివి, వచ్చిన దానితో జీవించేవారు.

తరువాత కరువు వచ్చింది. పురాణము వినేవారు లేరు, ఇచ్చేవారు లేరు. ఉన్న నగలు, పాత్రలు అమ్ముకొన్నారు. కూలిపని చేయడము వారికి రాదు, బిచ్చమెత్తడానికి అభిమానము అడ్డము వచ్చింది. ఈ ఒక్క మాట పాఠకులు గుర్తుంచుకోవాలి. అంత విద్య ఉండి కూడా పూటకూడు సంపాదించే పని ఒక్కటీ చేతిలో లేకపోయింది. చివరకు మన తిరుపతి ప్రాంతపు అడవిలో చావడానికే సిద్ధపడి, 11 రోజులు ఆకులు, నీళ్ళు, పిడికెడు ఈతపండ్లతో ప్రాణము నిలుపుకొన్నారు. 1874లో తండ్రి పోయారు. కొద్దికాలానికే తల్లి పోయారు. ఆమెను మోయడానికి చాలినంతమంది దొరకలేదు. అన్న శ్రీనివాసుతో పాటు పదహారేండ్ల రమాబాయి గారే ఒక భుజము పట్టవలసి వచ్చింది. పొట్టి మనిషి కావడము చేత ఆ కట్టెను తలమీద పెట్టుకొని మోశారు. పిమ్మట అక్క కూడా మరణించింది. అన్నాచెల్లెండ్రు ఇద్దరూ వేల మైళ్ళు కాలినడకన దేశము తిరిగారు. ఆనాటికి ఆమెను కాందిశీకురాలు అనే పేరుతో ఎవరూ పిలువలేదు గాని ఆమె జీవితము అదే.

1878లో కలకత్తా చేరగా అక్కడి విద్వాంసులు ఆమె పాండిత్యము పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయారు. అదే సంవత్సరము బిపిన్ బిహారీ మేధావి గారిని పెండ్లాడారు. 1882లో కలరా వలన ఆయన మరణించగా, పసిబిడ్డ మనోరమతో ఆమె విధవరాలైనారు.

అక్కడినుండి పూణే వచ్చి ఆర్య మహిళా సమాజము స్థాపించారు. అదే 1882లో విద్యావిషయమై ప్రభుత్వము నియమించిన హంటర్ కమిషను ఎదుట సాక్ష్యమిచ్చి, స్త్రీలను ఉపాధ్యాయినులుగా తయారు చేయాలనీ, వైద్యము నేర్పాలనీ కోరారు. తాను వైద్యము చదవాలనే 1883లో ఇంగ్లండు వెళ్ళారు. చెవుడు దానికి అడ్డు వచ్చింది. ఆ సంవత్సరమే వాంటేజిలో బాప్తిస్మము పొందారు. 1886లో అమెరికా వెళ్ళి, మరుసటి ఏడు హిందూ స్త్రీల, ముఖ్యముగా విధవరాండ్ర స్థితిని వివరిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకము వ్రాశారు. ఊరూరా ప్రసంగించారు. దాని ఫలముగా బోస్టను నగరములో ఒక సంఘము ఏర్పడి, పది సంవత్సరములు ధనసహాయము చేయడానికి ఒప్పుకొన్నది. ముందు జనానికి సంగతి తెలియాలి, పిమ్మటనే చేయి సాగుతుందని ఆమె ఎరుగుదురు.

ఉపాధ్యాయ శిక్షణ పొందిన మాకు, ఆ ప్రయాణములో మరొక విషయము మిక్కిలి ఇష్టము. ఫ్రోబెల్ చూపిన కిండర్‌గార్టెన్ పద్ధతిని ఆమె ఫిలడెల్ఫియాలో శ్రద్ధగా అభ్యసించారు. ఆటలతో, చేతిపనులతో చదువు చెప్పే పద్ధతి అది. మేము శిక్షణ పాఠశాలలో దానిని పుస్తకములో చదివి పరీక్ష వ్రాసి మరచిపోయాము. ఆమె మరచిపోలేదు.

1889లో బొంబాయిలో శారదా సదనము తెరిచారు, మరుసటి ఏడు పూణేకు మార్చారు. 1893లో అక్కడి బాలికలు క్రైస్తవ మతములోనికి వస్తున్నారని గొడవ రేగి, రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘము నుండి వైదొలగారు. తల్లిదండ్రులు పిల్లలను తీసికొని పోయారు. మాట తప్పారని వారికి తోచింది, తన ప్రార్థనగది తలుపు మూయలేనని ఆమెకు తోచింది. ఇరుపక్షాల బాధనూ మనము అర్థము చేసికోవచ్చును.

1896లో మధ్య పరగణాలలో కరువు పడినది. విడిచిపెట్టబడిన బాలికలను, దిక్కులేని యువతులను దుర్మార్గులు పట్టుకొని పోతున్నారనీ, సహాయ శిబిరములలో సైతము వారికి రక్షణ లేదనీ తెలిసి ఆమె స్వయముగా వెళ్ళారు. తిరుపతి అడవి ఆమె కళ్ళ ముందు కదలి ఉంటుంది. విడతలు విడతలుగా మూడు వందల మంది వరకు తీసికొని వచ్చారు. అప్పుడే పూణేలో ప్లేగు. కొత్తవారిని పట్టణములో ఉంచడానికి అధికారులు ఒప్పుకోలేదు. తోట కొరకు కొన్న కేడ్‌గావ్ పొలములో గుడారములు వేసి వారిని దింపారు. ముక్తి సదనము ఆ విధముగా ఆరంభమైనది. 1900లో గుజరాతు, రాజపుతానా కరువు బాధితులు రాగా సంఖ్య 1,500 దాటినది.

వచ్చినవారు ఎముకల గూళ్ళు. కొందరు చేరిన తరువాత కూడా దక్కలేదు. బ్రతికినవారు తిండి కొరకు కొట్లాడుకొనేవారు, దొంగిలి దాచుకొనేవారు. అంతమందిని ఎవరు చూస్తారు? శారదా సదనములో ముందుగా చదువుకొన్న విధవరాండ్రే ఒక్కొక్కరు ఒక్కొక్క గుంపుకు తల్లిగా, పంతులమ్మగా నిలిచారు. నిన్న ఆశ్రయము పొందినవారు నేడు ఆశ్రయమిచ్చినారు. ఉపాధ్యాయ శిక్షణ తరగతి కూడా అక్కడనే నడిచినది.

అక్షరములతో పాటు పని. మగ్గము నేత, కుట్టు, గానుగ, పాడి, కూరగాయల తోట, రొట్టెల తయారీ, ముద్రణాలయము అన్నిటిలోను స్త్రీలే. అంధులైన స్త్రీలు వ్రేళ్ళతో చదవడము, బుట్టలు అల్లడము నేర్చుకొన్నారు. ధాత కరువులో మన క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించిన సంగతి మన పెద్దలు చెప్పేవారు. కాలువ పూర్తి కాగానే ఆ కూలి ఆగిపోయింది. రమాబాయి గారు నేర్పిన పని మాత్రము ఆ స్త్రీ చేతిలోనే ఉండిపోయింది. ఒకనాడు తన కుటుంబానికి లేనిది అదే గదా!

నిజాము రాజ్యములో అప్పుడు వెనుకబడియున్న గుల్బర్గాలో కూడా ఆమె ఉన్నత పాఠశాల పెట్టి, కుమార్తె మనోరమాబాయి గారికి అప్పగించారు. ముక్తి బాధ్యతలు మోయవలసిన ఆ బిడ్డ 1921లో తల్లికంటె ముందే మరణించింది.

చివరి సంవత్సరములలో హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చి, పల్లె స్త్రీలకు కూడా అర్థమయ్యే సులభమైన మరాఠీలో బైబిలు అనువదించారు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. సంపూర్ణ గ్రంథము 1924లో వెలువడినది. ఆ పేజీలకు అక్షరములు కూర్చి అచ్చువేసిన చేతులు ముక్తి సదనపు స్త్రీలవే.