తన కళ్ళతోనే చదివిన రమాబాయి

మా పక్కింటి అక్కకి అక్షరాలు నలభై దాటాకే వచ్చాయి. కుల్కచర్లలో రాత్రి బడి నడిచిన రోజుల్లో పొలం నుంచి వచ్చి, కాళ్ళూ మొహం కడుక్కుని, పలక చంకన పెట్టుకుని వెళ్ళేది. ఇప్పుడు పొద్దుగూకే వేళ అరుగు మీద కూర్చుని, వరస కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ బైబిలు చదువుకుంటుంది. నేను పక్కనే బియ్యంలో రాళ్ళేరుకుంటూ వింటూంటాను.

ఓ రోజు ఆమె వేలు ఒక మాట దగ్గర ఆగిపోయింది. దైవావేశం. పౌలు తిమోతికి రాసిన రెండో ఉత్తరంలో ఉంది ఆ మాట. లేఖనాలకి మూలం అదేనని అక్కడ అర్థం. ఆవేశమంటే మన పోచమ్మ పండుగకి వచ్చే పూనకమే గదా, మరి ఈ పుస్తకం రాసినోళ్ళకి కూడా అట్లనే పూనకం వచ్చిందా అని అడిగింది అక్క. నవ్వబోయి ఆగాను. డిగ్రీ చదివాను, నాలుగు కథలు అచ్చయ్యాయి, కానీ జవాబు మాత్రం నోట్లోంచి రాలేదు. అంతలోనే ఆమె ఇంకో ప్రశ్న వేసింది. ఇది దేవుడి మాటే అయితే, ప్రార్థన కూటంలో పెద్దమనిషి చెప్పే అర్థం ఒకటీ, తన కళ్ళకి అగుపించే అర్థం ఇంకొకటీ అయినప్పుడు తాను ఏది నమ్మాలె అని.

మొదటి ప్రశ్నకి పుస్తకాలు తిరగేస్తే జవాబు దొరికింది. రెండో ప్రశ్నకి జవాబుగా ఒక మనిషి జీవితమే గుర్తొచ్చింది. పండిత రమాబాయి. బాలవితంతువులకి ఇల్లు కట్టిన మహా ఇల్లాలని మనం స్కూలు పుస్తకాల్లో చదువుకున్నాం. ఏది దేవుడి మాట, దాని అర్థం చెప్పే హక్కు ఎవరిది అని ఆమె జీవితమంతా అడుగుతూనే ఉందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు.

తల మీద అమ్మ పాడె

1858 ఏప్రిల్ 23న పశ్చిమ కనుమల్లోని గంగమూల అనే అడవి కొండ మీద పుట్టింది రమ. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడవాళ్ళకి సంస్కృతం నేర్పకూడదన్న కాలంలో భార్య లక్ష్మీబాయికి నేర్పాడు. పండితులు ఊరుకుంటారా? ఉడిపికి పిలిచి సంజాయిషీ అడిగారు. శాస్త్రాలు చూపించే ఆయన తన పని తప్పు కాదని నెగ్గుకొచ్చాడు. ఆ తల్లి తెల్లవారుజామునే లేపి కూతురికి పాఠం చెప్పేది. భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు రమకి కంఠతా వచ్చాయంటారు. అయితే అంత చదివించిన ఇంట్లో కూడా వేదం మాత్రం ఆడపిల్లకి అందని గూట్లోనే ఉండిపోయింది.

ఆ కుటుంబం పుణ్యక్షేత్రాల్లో పురాణం చదువుతూ ఊరూరా తిరిగేది. దక్షిణాదిన కరువు పడ్డప్పుడు తిరుపతి చుట్టుపక్కల అడవిలో ఆకులూ నీళ్ళతో రోజులు గడిపారు. 1874లో తండ్రి పోయాడు. శవాన్ని మోసేవాళ్ళు లేక అన్న శ్రీనివాస్ ఒక్కడే పంచెలో చుట్టి వీపున వేసుకుపోయాడు. కొద్ది వారాలకే తల్లి పోయింది. పాడె పట్టడానికి ఇద్దరే ముందుకొచ్చారు. మూడో మనిషి అన్న, నాలుగో మనిషి పదహారేళ్ళ రమ. పొట్టిపిల్ల కావడంతో భుజానికి అందక, అమ్మ పాడెని నెత్తి మీద పెట్టుకుని నడిచింది. ఆ తర్వాత అక్కా పోయింది. మిగిలిన అన్నా చెల్లెళ్ళిద్దరూ కాలినడకన వేల మైళ్ళు తిరిగారు.

1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు రమాబాయిని పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. స్త్రీధర్మాల మీద ఉపన్యాసాలివ్వమన్నారు. అందుకోసం ధర్మశాస్త్రాలు తిరగేసినప్పుడే ఆమె మనసులో ముల్లు గుచ్చుకుంది. వేరే సంగతుల్లో ఒకదానితో ఒకటి పొసగని గ్రంథాలన్నీ ఆడది తక్కువన్న దగ్గర మాత్రం ఏకమయ్యాయని ఆమెకి తోచింది. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్రసేన్ వేదం చేతికిచ్చి చదవమన్నప్పుడు ముందు ఆమే వెనకాడిందట. అన్నేళ్ళు విన్న కట్టడి మరి!

1880లో అన్న కూడా పోయాడు. అదే ఏడు బిపిన్ బిహారీ దాస్ అనే బెంగాలీ వకీలుని రిజిస్టరు పెళ్ళి చేసుకుంది. కులం వేరు, భాష వేరు. అస్సాం వైపు సిల్చర్‌లో కాపురం. అక్కడ ఇంట్లోని పుస్తకాల్లో బెంగాలీలో అచ్చయిన లూకా సువార్త ఒకటి కనబడింది. అలా బైబిలు మొదటిసారి ఆమె చేతికొచ్చింది. ఆమె ఇష్టంగా చదువుతుంటే భర్తకి నచ్చలేదు. పెళ్ళయి రెండేళ్ళు నిండకముందే, 1882లో, కలరా ఆయన్ని తీసుకుపోయింది. ఇరవై మూడేళ్ళ రమాబాయి ఒళ్ళో ఏడాది నిండని కూతురు మనోరమ.

పూనకమా? ఊపిరా?

ఇక్కడ కాస్త ఆగి అక్క మొదటి ప్రశ్నకి వస్తాను. దైవావేశం అని మనం చదివే చోట పౌలు వాడిన గ్రీకు మాటకి దేవుడు ఊదినది, దేవుని ఊపిరి ఉన్నది అని అర్థం. బైబిలు ఒకరు రాసినది కాదు. వందల ఏళ్ళ పాటు రాజులూ, పశువులు కాసినవాళ్ళూ, జాలరులూ, రకరకాల మనుషులు హీబ్రూలో, కొంత అరమేయికులో, తర్వాత గ్రీకులో రాసినవి. వాళ్ళ చేతులతో రాయించినది దేవుని ఆత్మే కాబట్టి విశ్వాసానికీ నడవడికీ అదే ప్రమాణమని క్రైస్తవుల నమ్మకం. ప్రతి మాటా దేవుడు చెప్తే రాసుకున్నదేనని కొందరు, భావం దేవునిది మాటలు మనిషివి అని కొందరు వాళ్ళలో వాళ్ళే వాదించుకుంటారు. పూర్వకాలపు క్రైస్తవ పండితుడొకాయన పిల్లనగ్రోవి పోలిక చెప్పాడు. ఊదే ఊపిరి ఒక్కటే. వెదురుని బట్టి స్వరం మారుతుంది. పూనకంలో మనిషికి ఒళ్ళు తెలియదు. లూకా అయితే చూసినవాళ్ళని అడిగి, అన్నీ జాగ్రత్తగా విచారించి రాస్తున్నానని మొదట్లోనే చెప్పుకున్నాడు. మన వేదాల్ని అపౌరుషేయాలంటాం కదా, మనిషి చేసినవి కావని. ఆ మాట వింటూ పెరిగిన రమాబాయికి గ్రంథం దేవుడిదన్న భావన కొత్తేమీ కాదు. అర్థం చెప్పేవాళ్ళ దగ్గరే ఆమెకి పేచీ.

బిషప్పులతో పేచీ

భర్త పోయాక పూనా వచ్చి ఆర్య మహిళా సమాజం పెట్టింది. ఆడవాళ్ళకి ఆడ డాక్టర్లూ ఆడ టీచర్లూ కావాలని 1882లో హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం చెప్పింది. స్త్రీ ధర్మ నీతి అనే పుస్తకం రాసి, దాని మీద వచ్చిన డబ్బుతో 1883లో చంటిపిల్లతో సహా ఇంగ్లండ్ ఓడెక్కింది. డాక్టరు చదువు చదవాలని ఆశ. చెవుడు ముదరడంతో ఆ ఆశ తీరలేదు.

వాంటేజ్ అనే ఊళ్ళో సన్యాసినుల మఠంలో దిగింది. వాళ్ళు దారి తప్పిన స్త్రీలని చేరదీసి ఆదరించడం చూసి ఆశ్చర్యపోయింది. ఇదెక్కడ నేర్చుకున్నారని అడిగితే, యోహాను సువార్తలోని సమరయ స్త్రీ కథ చదివి వినిపించారు. బావి దగ్గర ఏసు మంచినీళ్ళడిగిన స్త్రీ. యూదులు ముట్టని జాతిది, నలుగురూ వేలెత్తి చూపే బతుకు. అటువంటి మనిషితో ఆయన దేవుణ్ణి ఎలా ఆరాధించాలో మాట్లాడాడు. ఏ బావిలో ఎవరు చేద వేయాలో కులాన్ని బట్టి తేల్చిన ఊళ్ళలో పెరిగిన మనకి ఆ కథ బరువేమిటో వేరే చెప్పాలా? శాస్త్రాల్లో ఎంత వెతికినా దొరకనిది రమాబాయికి అక్కడ దొరికింది. ఆ సెప్టెంబరు 29న కూతురితో పాటు బాప్తిస్మం తీసుకుంది.

అంతటితో చెప్పినట్టు వినే శిష్యురాలవుతుందని మఠం వాళ్ళు అనుకున్నారు. కాలేదు. బైబిలులో తనకి కనబడని సిద్ధాంతాలని సంఘం చెప్పింది కాబట్టి ఒప్పుకోమంటే ఒప్పుకోలేదు. త్రిత్వం గురించీ, కన్య గర్భం గురించీ అడిగింది. గురువైన సిస్టర్ జెరాల్డిన్ మందలిస్తూ ఉత్తరాలు రాస్తే, ఈమె వినయంగానే జవాబులు రాసింది. ఎంతో కష్టపడి మా పురోహితుల కాడి దించుకున్నాను, ఇప్పుడు ఇంకొకరి కాడి మెడకెత్తుకోలేను అన్నది వాటి సారాంశం. మెడలో వేసుకునే సిలువ మీద లాటిన్ అక్షరాలెందుకు, సంస్కృతంలో ఉండాలని పట్టుబట్టింది. చెల్టెన్‌హామ్ కాలేజీలో ఆమె చేత మగపిల్లలకి పాఠం చెప్పించే ఆలోచన వస్తే, ఇండియాలో పనిచేసిన బిషప్పులు ఆడది మగవాళ్ళకి చెప్పడమా అని అడ్డం పడ్డారు. ఉడిపి పండితులకీ వీళ్ళకీ తేడా ఎంత చెప్పండి!

1886లో అమెరికా వెళ్ళి, మన ఆడవాళ్ళ బతుకుల మీద పుస్తకం రాసి, ఊరూరా మాట్లాడి నిధులు కూడగట్టింది. 1889 మార్చిలో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. మర్నాటేడు పూనాకి మార్చింది. మతం జోలికి పోనని ముందు మాటిచ్చింది. అయితే తను ప్రార్థన చేసుకునే గది తలుపు మూసేది కాదు, పిల్లలు కొందరు వచ్చి కూర్చునేవాళ్ళు. 1893లో పెద్ద గొడవైంది. తిలక్ పత్రిక దుమ్మెత్తిపోసింది, రానడే, భండార్కర్ లాంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు, పాతికమంది దాకా పిల్లల్ని పెద్దవాళ్ళు తీసుకుపోయారు. ఇచ్చిన మాట నిలబడలేదని వాళ్ళ బాధ. నా ఇంట్లో నా దేవుణ్ణి దాచుకోలేనని ఆమె బాధ. ఇద్దరి బాధలోనూ నిజముందనే నాకనిపిస్తుంది.

ముక్తి అచ్చుయంత్రం

పూనాకి దగ్గర్లోని కేడ్‌గావ్‌లో భూమి కొని ముక్తి సదనం పెట్టింది. 1896-97 కరువులో మధ్యపరగణాలకి వెళ్ళి, ఒకనాడు తను తిరుపతి అడవిలో ఉన్న స్థితిలో ఉన్న ఆడపిల్లల్ని వందల్లో తీసుకొచ్చింది. 1900 కరువు తర్వాత ఆ సంఖ్య రెండు వేలకి చేరువైంది. నేత, గానుగ, వ్యవసాయం, అచ్చుపని, అన్నీ ఆడవాళ్ళే నేర్చుకుని చేసేవాళ్ళు. మన ప్రాంతం మీదా ఆమె చల్లని నీడ పడింది. తాండూరులో బొంబాయి రైలెక్కితే వాడి దాటాక గుల్బర్గా వస్తుంది. అది నిజాం రాజ్యంలో ఉన్న 1912 ప్రాంతంలో తల్లీకూతుళ్ళు అక్కడ బడి తెరిచారు. మనోరమ దాన్ని చూసుకునేది. అదే రైలు ముందుకు పోతే షోలాపూర్ దాటాక, పూనా ఇంకా రాకముందే కేడ్‌గావ్.

వయసు పెరిగేకొద్దీ ఆమె సందేహాలు తగ్గాయి. బైబిలు మొత్తం దేవుని మాటేనన్న నమ్మకం గట్టిపడింది. కానీ ఆ నమ్మకంతో ఆమె చేసిన పని చూడండి. అప్పటికి ఉన్న మరాఠీ బైబిలులో సంస్కృతం ఎక్కువైందనీ, పల్లెటూరి ఆడదానికి అందడం లేదనీ, ఆ మాటలకి అంటుకున్న పాత అర్థాలు దారి తప్పిస్తున్నాయనీ ఆమెకి అనిపించింది. సంస్కృతంలో సరస్వతి అనిపించుకున్న మనిషే సంస్కృతం పక్కన పెట్టింది! మూలం తెలియకుండా తర్జుమా ఏమిటని పెద్దవయసులో హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. చివరి పదిహేనేళ్ళకి పైగా ఆ పనే తపస్సు. కరువులో దొరికిన పిల్లలే అక్షరాలు పేర్చి, ప్రూఫులు దిద్ది, కాగితాలు మడిచి కుట్టారు.

1921లో మనోరమ నలభై ఏళ్ళకే తల్లి కళ్ళముందు పోయింది. ఆ దుఃఖంలోనూ ప్రూఫులు ఆగలేదు. చివరి పుటలు దిద్దడం అయ్యాకే కన్నుమూసిందని ముక్తి వాళ్ళు చెప్పుకుంటారు. 1922 ఏప్రిల్ 5 ఆ రోజు. పూర్తి బైబిలు 1924లో బయటికొచ్చింది. చర్చిల్లో మాత్రం వేరే తర్జుమానే నిలబడింది, ఈమెది ఎక్కువగా వాడుకలోకి రాలేదు. అయినా ఒక ఆడది ఒంటిచేత్తో మూలభాషల నుంచి బైబిలు మొత్తం తర్జుమా చేయడం ప్రపంచంలోనే బహు అరుదు.

ఇదంతా నాలుగు సాయంత్రాలు అక్కకి చెప్పాను. గ్రంథం దేవుడిదని నమ్మాలా వద్దా అన్నది ఎవరి మనసు వాళ్ళది. రమాబాయి నమ్మింది. దేవుడిదే అయితే మధ్యలో మనిషి ఎవరూ దానికి తాళం వేయకూడదని కూడా నమ్మింది. ఆ తాళం తీయడానికి ముసలితనంలో రెండు భాషలు నేర్చింది. మా నాయనమ్మకి చదువు లేదు, పురాణం చెప్పే అయ్య చెప్పిందే ఆమెకి వేదం. అయ్య సరిగ్గా చెప్పాడో లేదో చూసుకునే వీలు ఆమెకి జీవితంలో ఒక్కరోజు కూడా రాలేదు.

అక్క అంతా విని, అమ్మ పాడె నెత్తిన మోసిన పిల్ల ఎవరికి భయపడతది అంది. కాసేపటికి పుస్తకం తెరిచి, బావి దగ్గరి కథ ఎక్కడుందో చూపించమంది. చూపించాను. వరస కింద వేలు పెట్టి మొదలుపెట్టింది. ఆ ఆదివారం ప్రార్థన కూటంలో పెద్దమనిషిని ఆపి, అయ్యా, ఇది ఏ వచనంలో ఉన్నదో చెప్పండి, నేనూ చూసుకుంటా అని అడిగిందట. ఆయన చెప్పాడట. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా పుటలు తిరగేశారట.