వాన లెక్కల వాకర్

తెనాలి, రేపల్లె, బాపట్ల వరి పొలాలు మన ఆకాశం కన్నా కాల్వనే ఎక్కువ నమ్ముకుంటాయి. కాల్వలోకి కృష్ణ రావాలి, కృష్ణకి ఎక్కడో మహాబలేశ్వరం కొండల మీద నైరుతి కురవాలి. ఆ వాన ఆచూకీని దక్షిణ అమెరికా దాకా వెళ్లి వెతికినాయన గిల్బర్ట్ వాకర్.

1868లో ఇంగ్లండులో పుట్టాడు. 1889లో కేంబ్రిడ్జి గణితంలో ఫస్ట్ ర్యాంకు. బూమరాంగులంటే పిచ్చి. వాతావరణ శాస్త్రం మాత్రం చదవలేదు! అయినా 1904లో, అంటే మన గుంటూరు జిల్లా ఏర్పడిన ఏడాదే, భారత వాతావరణ శాఖకి అధిపతి అయ్యాడు. ఆయనకి ముందున్న జాన్ ఇలియట్ 1899లో వానలు బాగుంటాయన్నాడు. వచ్చింది కరువు.

అప్పటికి రుతుపవనాలని ముందే లెక్కగట్టే సిద్ధాంతం ఏదీ లేదు. అందుకని వాకర్ డేటా పట్టుకున్నాడు. హిమాలయాల మంచు, మారిషస్‌లో గాలి పీడనం, దక్షిణ అమెరికాలో పీడనం... ఒక్కోదానికీ మన వానతో కోరిలేషన్ చూసి, పనికొచ్చేవాటితో రిగ్రెషన్ సమీకరణం కట్టాడు. మనం ల్యాబ్‌లో ఒక్క లైన్‌తో చేసే పనిని అప్పుడు గుమాస్తాలు కాగితాల మీద చేశారు.

నాకు ఇంతకన్నా నచ్చింది 1914లో ఆయన రాసిన పేపర్. వానతో ఏ సంబంధమూ లేని వంద కాలమ్స్ తీసుకున్నా, ఐదు శాతం గీత పెడితే ఓ ఐదు ఊరికే పాసైపోతాయి. ఆ ఐదే చూపించి మిగతా తొంభై ఐదు దాచేస్తే రిపోర్ట్ అద్భుతంగా ఉంటుంది, రైతు మునుగుతాడు. ఎన్నిట్లోంచి ఏరామో లెక్కలోకి తీసుకుని, గీతని ఇంకా పైకి జరపాలన్నది వాకర్ పట్టు. తన అంచనాకి ఫోర్‌కాస్ట్ అన్న పేరు కూడా ఎక్కువే అనుకుని ఫోర్‌షాడోయింగ్ అన్నాడు, అంటే ముందే పడే నీడ.

మధ్యలో ఇంకో మంచి పని చేశాడు. 1913లో మద్రాసు వచ్చినప్పుడు రామానుజన్ నోట్‌బుక్కులు చూసి యూనివర్సిటీకి సిఫార్సు రాశాడు. నెలకి 75 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చింది.

వానని గెలిచాడా అంటే, లేదు. ఆయన ఏరిన సంబంధాల్లో కొన్ని తర్వాత బలం తగ్గిపోయాయి. కానీ ఆ వెతుకులాటలోనే సదరన్ ఆసిలేషన్ బయటపడింది. ఎల్ నినో అని న్యూస్‌లో వింటామే, అందులో సగం అదే. వాకర్ 1958లో పోయాడు. 1969లో బెర్క్‌నెస్ పసిఫిక్ మీద తిరిగే గాలి చక్రానికి వాకర్ పేరు పెట్టాడు.

2002లో వాతావరణ శాఖ 16 కొలతల రిగ్రెషన్ మోడల్ మామూలు వాన అని చెప్పింది. దేశం మొత్తం మీద 19 శాతం తగ్గింది. మరుసటి ఏడాది మోడల్ మార్చారు.