స్టీఫెన్ కోల్ క్లేనీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని హార్ట్‌ఫర్డ్ నగరమున 1909 వ సంవత్సరము జనవరి 5 వ తేదీన స్టీఫెన్ కోల్ క్లేనీ జన్మించెను. తండ్రి అర్థశాస్త్రాచార్యుడు; తల్లి కవయిత్రి. ఆంహర్స్ట్ కళాశాలలో చదివి 1930 లో పట్టభద్రుడై, క్లేనీ ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున చేరెను. అచట అలాంజో చర్చి అను గణితాచార్యుని శిష్యుడై 1934 లో డాక్టరు పట్టము నందెను. మరుసటి యేడు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడయ్యెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున నౌకాదళమున చేరి నౌకాయానశాస్త్రమును బోధించెను.

మెకల్లక్, పిట్స్ అను నిరువురు 1943 లో మెదడులోని నాడీకణముల పనిని గణితరూపమున వర్ణించిరి. 1951 వేసవిలో క్లేనీ దానిని పరిశీలించెను. పరిమితమైన జ్ఞాపకము గల యంత్రము ఎట్టి గుర్తుల వరుసలను పోల్చుకొనగలదు? ఇదియే ఆయన ప్రశ్న. ఇదియో అదియో యనుట, ఒకదాని వెంట నొకటి యుంచుట, ఒకదానినే మరల మరల చెప్పుట — ఈ మూడే చాలునని ఆయన నిరూపించెను. మూడవదానికి నక్షత్రమును గుర్తుగా నుంచెను. ఈ వ్యాసము 1956 లో అచ్చయ్యెను.

వ్రాతకోతల కొరకు పుట్టిన విద్య కాదది. అయినను కెన్ థాంప్సన్ అను నాతడు దీని నాధారము చేసికొని, వ్రాతలో కోరిన నమూనాను వెదకు పద్ధతిని 1968 లో ప్రకటించెను. పిదప బెల్ ప్రయోగశాలలో 'ఎడ్' అను పాఠ్యసంస్కరణ సాధనమును నిర్మించెను. అందు 'జి' అను అక్షరమును, రెండు వాలుగీతల నడుమ నమూనాను, తుదిని 'డి' అను అక్షరమును వ్రాసినచో ఆ నమూనా గల పంక్తులన్నియు ఒక్కమారుగా తొలగిపోవును. వేయి పంక్తుల పట్టికలో 'రద్దు' అను మాట గల పంక్తులను ఏరివేయుటకు క్షణకాలము చాలును.

కాని ఇందొక యపాయము కలదు. నక్షత్రమునకు ఎన్నిమారులైనను అనియే కాక, ఒక్కమారును లేకున్నను అనియు నర్థము. కావున ఒక యక్షరమును, దాని ప్రక్క నక్షత్రమును మాత్రమే నమూనాగా నిచ్చి తొలగింపుమన్నచో, ఆ యక్షరము లేని పంక్తియు నమూనాకు సరిపోవును. ఒక్క పంక్తియు మిగులదు. అందుచే వివేకి మొదట 'డి'కి బదులు 'పి' యని వ్రాసి, ఏ పంక్తులు దొరకునో కన్నులార చూచుకొని, పిమ్మట తొలగించును. భద్రపరచుమని యాజ్ఞ యిచ్చువరకు మూలప్రతి చెడకుండుట గొప్ప యూరట.

క్లేనీకి పర్వతారోహణమన్న మిక్కిలి ప్రీతి. 1990 లో అమెరికా ప్రభుత్వము ఆయనను జాతీయ విజ్ఞాన పతకముతో గౌరవించెను. 1994 జనవరి 25 వ తేదీన మాడిసన్ నగరమున ఆయన దివంగతుడయ్యెను. చిన్న గుర్తునకైనను అర్థమును చక్కగా నెరిగి వాడవలెనని ఆయన నక్షత్రము నేటికిని బోధించుచున్నది.