ఆ వరసలో మనకో చోటు

పుష్య బహుళ పంచమి వచ్చిందంటే రేపల్లెలో మా సంగీతం టీచరుగారి ముందుగదిలో జంపఖానా పరుస్తారు. త్యాగయ్యగారి పటం, పక్కన కొబ్బరికాయలు, అరటిగెల. మా పుట్టిల్లు పెనుమూడి. పండక్కి వచ్చిన ఆడపిల్లని ఇంకో నాలుగు రోజులుండిపొమ్మని అమ్మ ఎలాగూ అంటుంది కనక, కృష్ణ ఒడ్డునుంచి బస్సెక్కి నేనూ ఆ ఆరాధనకి వెళ్తుంటాను.

మాలో కచేరీ చేసే స్థాయి ఎవరికీ లేదు. ఉన్నమాట చెప్పాలంటే పంచరత్నాలు ఐదూ పూర్తిగా వచ్చినవాళ్లు నలుగురే! మిగతావాళ్లం వచ్చినచోట గట్టిగా, రానిచోట మెల్లిగా. ఒక బడిపంతులుగారు వయొలిన్ తెస్తారు. మృదంగం వాయించే అబ్బాయికి పగలు ఎరువుల కొట్లో పని. పులిహోర ఒకరింటినుంచి, పూలు ఒక కొట్టునుంచి, మైకు ఇంకెవరో... ఇలా ఏటా జరిగిపోతుంది. పాశ్చాత్య దేశాల్లో చిన్న ఊళ్లలో కూడా డాక్టర్లూ, కొట్లవాళ్లూ, టీచర్లూ సాయంత్రాలు చేరి సింఫనీ ఆర్కెస్ట్రా నడుపుకుంటారని చదివినప్పుడు, ఓసి ఇంతేనా, మా టీచరుగారింట్లో జరిగేదీ అదేగా అనుకున్నాను. మనది కొంచెం పొట్టిది, అంతే!

ఒక ఏడు పాట మధ్యలో విరామం ఇస్తే, మా వరస చివర కూర్చున్న పదేళ్ల పిల్ల అడిగింది. త్యాగయ్యగారికి గుడి ఎవరు కట్టించారు, రాజుగారా అని. టీచరుగారు కాదమ్మా, ఒక పాటలావిడ అన్నారు. ఆవిడ పేరు నేను విన్నదే. కానీ ఆవిడ కట్టించిన గుడి ముందు ఆవిడనే పాడనివ్వలేదన్న సంగతి మాత్రం అంతవరకూ నాకు తెలీదు. ఆ రోజు ఇంటికెళ్లి దీపం పెట్టుకుంటున్నా అదే ఆలోచన. అప్పట్నుంచి దొరికినదల్లా చదువుతూ వచ్చాను.

ఆమె బెంగుళూరు నాగరత్నమ్మ. 1878 నవంబరు 3న మైసూరు దగ్గర నంజనగూడులో పుట్టింది. తల్లి పుట్టలక్ష్మి. లోకం భోగంవాళ్లని చులకనగా పిలిచే కుటుంబం. తండ్రి సుబ్బారావనే వకీలు. పిల్ల పుట్టాక ఆయన వాళ్లని వదిలేశాడు. చంకన పసిపిల్ల, చేతిలో చిల్లిగవ్వ లేదు. మైసూరులో గిరిభట్ట తిమ్మయ్య అనే ఆస్థాన పండితుడు చేరదీసి పిల్లకి సంస్కృతం, సంగీతం మొదలుపెట్టాడు. పిల్ల చురుకు. కొన్నేళ్లకి ఆయనా ముఖం తిప్పుకున్నాడు. ఇక పేడకళ్లెత్తుకోవడానికే పనికొస్తుందని ఈసడించాడంటారు. ఆ మాటకి పుట్టలక్ష్మి ఏడుస్తూ కూర్చోలేదు. నా కూతుర్ని విద్వాంసురాల్ని చేశాకే మళ్లీ మైసూరు గడప తొక్కుతానని ఒట్టు పెట్టుకుని, బిడ్డ చెయ్యి పట్టుకుని ఊరు దాటింది.

ఆ తల్లిని తల్చుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. చదువుకున్న మనమే పిల్లని డాన్సు క్లాసులో చేర్చడానికి నెల ఫీజు చూసి వెనకా ముందూ ఆడతాం. ఆవిడకి ఇల్లే లేదు!

చివరికి బెంగుళూరులో మునిస్వామప్ప దగ్గర పాఠం కుదిరింది. ఆయన త్యాగయ్య శిష్యపరంపరలోని వాడు. నాగరత్నం జీవితమంతా ఏ దారిన నడవబోతోందో ఆ దారి అక్కడే మొదలైంది. కన్నడం, తెలుగు, సంస్కృతం, కొద్దిగా ఇంగ్లీషు, పాట, నాట్యం అన్నీ వచ్చాయి. కూతురు పైకొచ్చే రోజులు కళ్లారా చూడకుండానే తల్లి కన్నుమూసింది.

తర్వాత ఆమె పేరు మోగిపోయింది. మైసూరు దర్బారులో పాడింది. హైకోర్టు జడ్జి నరహరిరావుగారు ఆమెను ఆదరించి చేరదీశారు. తర్వాత మద్రాసు చేరింది. ఊరూరా కచేరీలు. ఇల్లు, నగలు, నౌకర్లు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆవిడేనంటారు.

ఇక్కడ పుస్తకం గొడవ ఒకటి చెప్పకుండా ముందుకెళ్లలేను. తంజావూరులో ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని అనే విదుషీమణి రాసిన రాధికాసాంత్వనం నాగరత్నమ్మ చేతిలో పడింది. అచ్చయిన ప్రతిలో పద్యాలు కొన్ని ఎగిరిపోయాయని, కవయిత్రి తన వంశం గురించి చెప్పుకున్న భాగమే లేదని ఆవిడ కనిపెట్టింది. మూలప్రతి సంపాదించి, సరిచూసి, 1910లో వావిళ్ల వారి చేత అచ్చు వేయించింది. అంతకుముందే వీరేశలింగం పంతులుగారు ఆ కావ్యాన్ని ఆడది రాయదగినది కాదని దుయ్యబట్టి ఉన్నారు. నాగరత్నమ్మ పీఠికలో ఆయన్నే నిలదీసింది. శృంగారం మగకవులు రాస్తే కావ్యం, ఆడది రాస్తే బూతూనా అన్నది ఆవిడ వాదం సారాంశం. వితంతు వివాహాలు చేయించిన మహానుభావుణ్ణి పట్టుకుని ఇలా అడగడానికి ఎంత ధైర్యం కావాలి! పంతులుగారంటే నాకు ఎనలేని గౌరవం. అయినా ఈ ఒక్క విషయంలో నా ఓటు నాగరత్నమ్మకే.

ఫలితం? ఫిర్యాదులు వెళ్లాయి, తెల్లదొరల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. వావిళ్ల వారి మీద పోలీసులు పడ్డారు. మన ప్రకాశం పంతులుగారు మద్రాసు ప్రభుత్వానికి పెద్దగా వచ్చాక గానీ ఆ నిషేధం తొలగలేదు. 1952లో పుస్తకం మళ్లీ వెలుగు చూసింది.

మళ్లీ త్యాగయ్య దగ్గరికొద్దాం. 1921లో నాగరత్నమ్మకి మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్పగారి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. తిరువయ్యారులో కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి పాడుబడి, చుట్టూ ముళ్లకంపలు మొలిచి ఉందని. 1847లో పోయారాయన. దక్షిణాదిన ఎక్కడ కచేరీ జరిగినా ఆయన పాట లేకుండా జరగదు. ఆ పాటలతో ఎన్ని ఇళ్లల్లో పొయ్యి వెలిగిందో! ఆయన చోటు మాత్రం అలా ఉంది.

ఆవిడ మద్రాసునుంచి వెళ్లి చూసింది. ఆ తర్వాత ఇక వెనక్కి చూసుకోలేదు. స్థలం సంపాదించడం, అనుమతులు, తాపీపని, శిల్పులు... అన్నీ తానే. సంపాదించిన డబ్బు అయిపోతే నగలమ్మింది. ఆడదానికి నగ అంటే ఏమిటో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. అందులోనూ మొగుడి అండా కొడుకు అండా లేని మనిషికి రేపటి ముద్ద అదే. 1921లో శంకుస్థాపన చేయించి, ఆ తర్వాత విగ్రహం ప్రతిష్ఠ చేయించింది.

గుడి లేచింది. ఇంక ఆవిడ ముందువరసలో కూర్చుని పాడి ఉంటుందనుకుంటాం కదూ? లేదు. అప్పటికే అక్కడ ఏటా ఆరాధన చేసే భాగవతులు రెండు జట్లుగా చీలి ఉన్నారు. పెద్ద జట్టు, చిన్న జట్టు. ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. కానీ ఒక్క విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఆడవాళ్లు స్వామి సన్నిధిలో పాడకూడదు!

వింటుంటే నవ్వొస్తుంది, తర్వాత ఏడుపొస్తుంది. గుడి ఆవిడ డబ్బుతో కట్టిందేనన్న సంగతి అందరికీ తెలుసు. పాడటానికి మాత్రం వీల్లేదు.

నాగరత్నమ్మ వెనక్కి తగ్గలేదు. 1927లో తనలాంటి పాటగత్తెల్ని పోగేసింది. మద్రాసునుంచీ, చుట్టుపక్కల ఊళ్లనుంచీ వచ్చారు. స్వామి సమాధి వెనకవైపు కూర్చుని ఆడవాళ్ల జట్టుగా ఆరాధన మొదలుపెట్టింది. తనే హరికథ చెప్పింది. ముందువైపు రెండు జట్లు పోట్లాడుకుంటుంటే, వెనకవైపు ఆడవాళ్లు పాడుకుంటున్నారు. ఏటా ఇదే. పదమూడేళ్లు!

అదే 1927లో డాక్టర్ ముత్తులక్ష్మిరెడ్డిగారు మద్రాసు శాసనమండలిలో దేవదాసీ పద్ధతి పోవాలని తీర్మానం పెట్టారు. నాగరత్నమ్మ దాన్ని గట్టిగా వ్యతిరేకించింది. తమ సంఘం తరఫున నిలబడి, మా వృత్తినీ విద్యనీ ఒక్క కలం పోటుతో వ్యభిచారమని తేల్చెయ్యకండని వాదించింది. నాకు ఇక్కడ తల తిరుగుతుంది. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చేసే ఆ ఆచారం పోవాల్సిందే, ముత్తులక్ష్మిగారు చేసింది మంచిపనే. 1947లో చట్టం కూడా వచ్చింది. కానీ మర్నాటినుంచి ఆ ఆడవాళ్లు ఏం పాడుకుని బతకాలి? పాట వాళ్లదగ్గర్నుంచి నెమ్మదిగా పెద్దిళ్ల డ్రాయింగ్ రూముల్లోకి వచ్చేసింది. మా అమ్మమ్మ కాలంలో సంసారి ఆడపిల్ల గొంతెత్తి పాడితే ఎవరి పోలికో అనేవారు. ఇప్పుడు మా అమ్మాయి పాడితే పెళ్లిచూపుల్లో అదో అర్హత. మధ్యలో ఎవరి గొంతు మూగబోయిందో ఎవరూ అడగలేదు.

చివరికి 1940లో ఎస్.వై. కృష్ణస్వామి అనే ఐ.సి.ఎస్. అధికారి పూనుకుని, జట్లన్నిటినీ ఒక్కటి చేశారు. ముందుకొచ్చిన ఒప్పందంలో ఆడవాళ్లకి కూడా చోటు దొరికింది. నాగరత్నమ్మకి అప్పటికి అరవై దాటాయి. అందరూ కలిసి ఒక్క గొంతుతో పంచరత్నాలు పాడటం స్థిరపడింది ఆ తర్వాతే. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రేడియోలో, టీవీలో మీరూ చూసే ఉంటారు. వందలమంది రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చుని పాడతారు. వయొలిన్లు, వేణువులు, మృదంగాలు, ఘటాలు. కర్ర ఊపే కండక్టరు ఉండడు. ఎవరి సొంత గమకం, ఎవరి గొప్ప వాళ్లు ఇంట్లో వదిలి రావాలి. లేకపోతే పాట విడిపోతుంది. పెద్ద విద్వాంసుడి పక్కన నిన్న నేర్చుకున్న పిల్ల. ఎవరికీ రుసుము లేదు. పాడేవాళ్లలో చాలామందికి తెలుగు రాదు, అయినా సంస్కృతంలో ఉన్న నాట కృతి తప్ప మిగతా పాటంతా తెలుగే. కాకర్ల వారి అబ్బాయి రాసిన తెలుగు!

నాగరత్నమ్మ చివరి రోజులు తిరువయ్యారులోనే గడిపింది. 1949లో వీలునామా రాసి, ఉన్నదంతా ఒక ట్రస్టుకి, స్వామి సేవకే వదిలేసింది. అందులో ఆడవాళ్లు కూడా పాడే హక్కు పోకూడదన్న షరతు ఉంది. మగవాళ్లు ఒప్పందాలు ఎలా మరచిపోతారో ఆవిడకి బాగా తెలుసు మరి! 1952 మే 19న కన్నుమూసింది. అప్పటికి డెబ్భైమూడేళ్లు. త్యాగయ్య సమాధి దగ్గర్లోనే ఆమెకూ సమాధి కట్టారు. స్వామి వైపు తిరిగి చేతులు జోడించి కూర్చున్నట్టు ఆమె విగ్రహం ఉంటుంది.

ఈ ఏడు నేను బెజవాడలో ఒక పాత పుస్తకంలో దొరికిన ఆవిడ బొమ్మ జిరాక్సు తీయించి, అద్దం వేయించి, పెనుమూడి మీదుగా రేపల్లె తీసుకెళ్లాను. టీచరుగారు అటూ ఇటూ చూసి త్యాగయ్యగారి పటానికి కొంచెం పక్కగా జరిపి పెట్టారు. పూలకొట్టాయన మామూలుగా ఒక దండే పంపిస్తాడు. మనిషిని పంపి ఇంకొకటి కావాలన్నాం. ఎవరికమ్మా అన్నాడట. చెబితే, రెండో దండకి డబ్బు వద్దన్నాడు. పదేళ్ల పిల్ల దండ వేసొచ్చి మా వరసలో కూర్చుంది. వయొలిన్ పంతులుగారు నాట అందుకున్నారు.