మూగజీవాలకు చట్టం తెచ్చిపెట్టిన నాట్యమణి

వీధికుక్కను కాలితో తన్నినా, బండెద్దు మీద మోయలేనంత బరువు వేసినా మన దేశంలో నేరమే. ఈ సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవారిలోనూ ఆ చట్టానికి బీజం వేసింది ఒక నాట్యకారిణి అని ఎరిగినవారు తక్కువే. ఆమే రుక్మిణీదేవి అరండేల్. చెన్నైలోని కళాక్షేత్రం అనగానే ఆమె పేరు గుర్తుకొస్తుంది. భరతనాట్యానికి గౌరవం తెచ్చిన మహిళగా పాఠ్యపుస్తకాల్లోనూ చోటు దక్కింది. మూగజీవాల కోసం ఆమె పడ్డ పాటు మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

మదురైలో పుట్టి.. అడయారులో పెరిగి

రుక్మిణీదేవి 1904 ఫిబ్రవరి 29న మదురైలో పుట్టారు. తండ్రి నీలకంఠశాస్త్రి ఇంజినీరు. దివ్యజ్ఞాన సమాజం భావాలు నచ్చి, ఉద్యోగ విరమణ తర్వాత కుటుంబంతో మద్రాసు వచ్చి అడయారులో స్థిరపడ్డారు. అక్కడే ఆమెకు అనీబిసెంట్‌తోనూ, ఆంగ్లేయుడైన జార్జ్ అరండేల్‌తోనూ పరిచయం కలిగింది. 1920లో పదహారేళ్ల వయసులో అరండేల్‌ను పెళ్లాడారు. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలోని అమ్మాయి తెల్లవాడిని చేసుకోవడం ఆ రోజుల్లో మద్రాసులో పెద్ద దుమారమే రేపింది. ఆమె వెనకడుగు వేయలేదు.

అప్పట్లో దేవదాసీలకే పరిమితమైన సదిర్‌ను చిన్నచూపు చూసేవారు. రుక్మిణీదేవి పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్లై దగ్గర దాన్ని నేర్చుకుని 1935లో అడయారులో ప్రదర్శన ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదే కళాక్షేత్రానికి పునాది పడింది. 1945లో భర్త చనిపోయినా పని ఆపలేదు. తంజావూరు జిల్లా మెలట్టూరులో తరతరాలుగా ఆడుతున్న తెలుగు భాగవత మేళ నాటకాలపైనా దృష్టి పెట్టారు. ఉషాపరిణయం, రుక్మాంగద చరిత్ర వంటివి కళాక్షేత్రం వేదిక ఎక్కాయి. తమిళనాట తెలుగు మాట బతికున్న తావుల్లో అదీ ఒకటి.

బిల్లు పెట్టారు.. వెనక్కి తీసుకున్నారు

1952లో ఆమె రాజ్యసభకు నామినేట్ అయ్యారు. ఆ సభకు నామినేట్ అయిన తొలి మహిళ ఆమే. కళాకారిణి కదా, సంగీత నాటకాల గురించి మాట్లాడతారని అంతా అనుకుని ఉంటారు. ఆమె మాత్రం జంతువుల మీద క్రూరత్వాన్ని అరికట్టాలంటూ సొంతంగా బిల్లు తెచ్చారు. అప్పటికి అమల్లో ఉన్నది బ్రిటిష్ వాళ్లు 1890లో చేసిన చట్టం. దాని పరిధి తక్కువ. మోత బరువుల దగ్గర్నుంచి ప్రయోగశాలల్లో జంతువుల అవస్థ వరకు చాలా విషయాలు ఆమె సభ దృష్టికి తెచ్చారు.

1954లో చర్చ జరిగినప్పుడు ప్రధాని నెహ్రూ జోక్యం చేసుకున్నారు. ప్రభుత్వమే సమగ్రంగా చట్టం తెస్తుందని హామీ ఇచ్చారు. దాంతో ఆమె తన బిల్లును ఉపసంహరించుకున్నారు. పేరు కోసమే అయితే పట్టుబట్టి ఉండొచ్చు. కానీ ప్రభుత్వ మద్దతు లేని బిల్లు గట్టెక్కడం కష్టం. ప్రభుత్వ మాట నిలబడకపోతే అటు బిల్లూ పోయి, ఇటు చట్టమూ రాకుండా పోయేది. ఆ భయం ఉన్నా ఆమె మాట నమ్మారు. ప్రభుత్వం కమిటీ వేసింది. ఏళ్లు గడిచాయి. చివరికి 1960 డిసెంబరులో జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం వచ్చింది. ఆమె కోరినవన్నీ అందులో లేవు. ప్రయోగాలను చట్టం నిషేధించలేదు, పర్యవేక్షణకు కమిటీ పెట్టి సరిపెట్టింది. అయినా దేశానికి ఒక దారి పడింది.

పలుపు పొట్టిదైనా తప్పే

ఆ చట్టంలోని 11వ సెక్షన్ చదివితే ఏదో కోర్టు వ్యవహారంలా ఉండదు. మన వీధిలో, మన పెరట్లో రోజూ కనిపించేవే అందులో ఉన్నాయి. కొట్టడం, తన్నడం నేరం. ముసలిదో, జబ్బుదో, పుండు పడిందో అయిన పశువుతో పని చేయించడం నేరం. కదలడానికి వీల్లేని ఇరుకు బోనులో పెట్టడం, మరీ పొట్టి పలుపుతోనో బరువైన గొలుసుతోనో గంటల తరబడి కట్టేయడం నేరం. ఎప్పుడూ గొలుసుతోనే ఉంచే కుక్కను కాస్త తిప్పకపోవడమూ నేరమే. పెంచుకుంటున్న జంతువుకు తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోయినా, సరైన కారణం లేకుండా వదిలేసినా చట్టం తప్పంటుంది.

ఈ చట్టం కింద 1962లో మద్రాసులో జంతు సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు రుక్మిణీదేవే. 1965లో బండి లాగే, బరువు మోసే పశువులకు నిబంధనలు వచ్చాయి. రోజుకు తొమ్మిది గంటలకు మించి, ఏకబిగిన ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు బండి కట్టకూడదు. గాడిద మీద 50 కిలోలకు మించి వేయకూడదు. బళ్లారి, రాయచూరు ఎండలు తెలిసిన వారికి ఆ మూడు గంటల విలువ వేరే చెప్పనక్కర్లేదు.

రాష్ట్రపతి పదవి వద్దని..

1977లో ప్రధాని మొరార్జీ దేశాయ్ ఆమెను రాష్ట్రపతి అభ్యర్థిగా నిలబడమని అడిగారు. ఆమె సున్నితంగా కాదన్నారు. ఆ ఏడాది అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. రుక్మిణీదేవి కళాక్షేత్రంలోనే ఉండిపోయారు. శాకాహార ప్రచారం, జంతు సంక్షేమం పనులు సాగించారు. 1986 ఫిబ్రవరి 24న చెన్నైలో కన్నుమూశారు.

ఆ ఒరవడి ఆగలేదు. కళాక్షేత్రంలో నాట్యం నేర్చిన అమల అక్కినేని 1992లో హైదరాబాద్‌లో బ్లూక్రాస్ సంస్థను ప్రారంభించారు. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును నిలిపివేసింది కూడా 1960 చట్టం ఆధారంగానే. తర్వాత తమిళనాడు, కర్ణాటక ఆ చట్టానికి తమ పరిధిలో సవరణలు చేసుకున్నాయి. 2023లో సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది.

జరిమానా యాభై రూపాయలే

చట్టంలోని పెద్ద లోపం శిక్షలోనే ఉంది. మొదటిసారి తప్పు చేస్తే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 1960లో అది చెప్పుకోదగ్గ మొత్తమే. ఇప్పుడు రెండు కప్పుల కాఫీకి చాలదు. పెంచాలని 2022లో కేంద్రం ముసాయిదా విడుదల చేసినా అది చట్టరూపం దాల్చలేదు. పశువును చంపడం, అవిటి చేయడం వంటి వాటికి మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష ఉంది.

జరిమానా భయపెట్టనప్పుడు మిగిలేది ఇరుగుపొరుగు చూపే శ్రద్ధే. అదేమంత ఖర్చుతో కూడిన పనీ కాదు. వేసవిలో గోడ పక్కన వెడల్పాటి సిమెంటు తొట్టి పెట్టి రోజూ నీళ్లు మార్చితే చాలు, ఆవుకూ కుక్కకూ దాహం తీరుతుంది. పెంపుడు కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించాలి. ఇల్లు మారేటప్పుడు దాన్ని వీధిపాలు చేయకూడదు. కాడి పుండు పడ్డ ఎద్దును మానేదాకా బండికి కట్టకుండా ఉంచాలి. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు చేయించమని మున్సిపాలిటీని అడగాలి. పిల్లలు ఆడుకునే చోట, మెట్ల దగ్గర వాటికి తిండి పెట్టకూడదని 2023 నిబంధనలు చెబుతున్నాయి. కేటాయించిన చోటే పెట్టాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఎక్కడైనా కుక్క కరిస్తే కొట్టి చంపడం పరిష్కారం కాదు. గాయాన్ని సబ్బు, ధారగా పారే నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

భరతనాట్యం ఉన్నన్నాళ్లూ రుక్మిణీదేవి పేరుకు లోటు లేదు. ఈసారి వేసవిలో చలివేంద్రం పెట్టేవాళ్లు పక్కనే పశువులకూ ఒక తొట్టి పెడితే, అక్కడా ఆమెను తలచుకున్నట్టే.